వరండాలో పదకొండుమంది

జకరయ్య నా దగ్గర పన్నెండేళ్ళు కారు నడిపాడు. ఆ పన్నెండేళ్ళలో అతను నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా ఒక పూట కబుర్లకు చాలవు. నేను అతన్ని అన్న మాటలు మాత్రం బండి కట్టి తోలించుకోవచ్చు. వాటిలో ఒక్క మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. దాని కోసమే ఇది రాస్తున్నాను.

నా పేరు ప్రమీలారాణి. రేపల్లెలో చిన్న ఆస్పత్రి పెట్టుకుని, పురుళ్ళు పోస్తూ జ్వరాలు చూస్తూ బతికినదాన్ని. నాకు కోపం ఎక్కువ. డాక్టరమ్మ మందు కన్నా తిట్టు ముందు పనిచేస్తుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కొంచెం గర్వపడేదాన్ని కూడా. మనసులో మచ్చ లేనివాళ్ళకే కోపం వస్తుందని నా నమ్మకం. అది ఎంత తెలివితక్కువ నమ్మకమో నలభై దాటాక గాని తెలిసిరాలేదు.

1984లో పొన్నూరులో ఒక రైసుమిల్లు ఆయన దగ్గర పాత అంబాసిడరు కారు కొన్నాను. కృష్ణ పాయల మధ్య ఉన్న లంక గ్రామాల నుంచి పురుళ్ళకు పిలుపులు వచ్చేవి. రిక్షాలో వెళ్ళేసరికి ఒక్కోసారి బిడ్డ నాకన్నా ముందే వచ్చేసేది. కారు కొన్న వారానికి జకరయ్య పని కోసం వచ్చాడు. అప్పటికి అతనికి నలభై ఎనిమిదేళ్ళు. రేపల్లె పక్కనే పేటలో పుట్టాడు. తండ్రి పాలేరు. పద్నాలుగో ఏట ఆసామి ట్రాక్టరు తుడవడానికి కుదిరి, తుడుస్తూ తుడుస్తూనే నడపడం నేర్చుకున్నాడు. తరవాత కొన్నాళ్ళు లారీ, ఆ తరవాత పదకొండేళ్ళు మిషను వాళ్ళ జీపు. ఆ జీపు మూలబడ్డాక నా దగ్గరికి వచ్చాడు.

అంత జాగ్రత్త మనిషిని నేను చూడలేదు. అద్దాలకు ఒక గుడ్డ, సీట్లకు ఒక గుడ్డ. ఒకదానితో రెండోది తుడిచినట్టు కనబడితే ఆ రోజు ఎవరో అతన్ని అడక్కుండా కారు ముట్టుకున్నారని అర్థం. బడి ముందు హారన్ కొట్టడు. నేను రోగిని చూస్తున్నంతసేపూ కారులో కూర్చుని, దారం కట్టిన కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుకునేవాడు. తాళం తిప్పేముందు "ప్రభువా" అని చిన్నగా అనుకునేవాడు. పెట్రోలు చుక్క దండగైతే అది పాపమే అతని లెక్కలో. చోక్ అని ఒక బుడిపె ఉండేది ఆ కార్లలో. చల్లబడిన ఇంజను తొందరగా అందుకోవాలంటే దాన్ని లాగుతారు, పెట్రోలు ఎక్కువగా పోతుంది. పొద్దున్నే మొదటిసారి తప్ప జకరయ్య దాని జోలికే పోడు.

మా ఆయన రామబ్రహ్మం గారు బాపట్లలో లెక్కల లెక్చరరు. వారమంతా అక్కడే ఒక ఇంట్లో ముందు గది తీసుకుని ఉండేవారు. శనివారం వచ్చి, ఆదివారం కారు తనే తీసేవారు. ఆయన డ్రైవింగు గురించి ఎంత తక్కువ చెబితే సంసారానికి అంత మంచిది. చోక్ మొత్తం బయటికి లాగి, లాగిన సంగతి మరిచిపోయి, నల్లటి పొగ వదులుకుంటూ చెరుకుపల్లి దాకా వెళ్ళొచ్చేవారు. సోమవారం పొద్దున జకరయ్య ఆ బుడిపెను మెల్లగా లోపలికి నొక్కి, ఏమీ అనకుండా గుడ్డ తీసుకునేవాడు.

మూడేళ్ళు కారు గుర్రంలా నడిచింది. 1987 డిసెంబరులో ఆస్పత్రి కిటికీలకు నీలం రంగు వేయించాను. సగం డబ్బా మిగిలితే జకరయ్యకు ఇచ్చాను. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో క్రిస్మస్ నెల వచ్చిందంటే సున్నాలు మొదలు. గోడలకు సున్నం, తలుపులకు రంగు. ఇంకా మిగిలితే మంచం కోళ్ళకు, కుర్చీ కాళ్ళకు, సైకిలు మడ్‌గార్డుకు. డబ్బా అడుగు కనబడేదాకా ఇంట్లో ఏదీ పాతగా ఉండటానికి వీల్లేదు. పండగ రోజు మమ్మల్ని భోజనానికి పిలిచారు. జకరయ్య భార్య రిబ్కా చేపల పులుసు, అరిసెలు పెట్టింది. వాళ్ళ తలుపు నా కిటికీల రంగులో మెరిసిపోతోంది. బాగుందన్నాను. జకరయ్య మొహంలో అంత సంతోషం ముందెప్పుడూ చూడలేదు.

జనవరిలో కారుకి ఆ జబ్బు మొదలైంది.

జబ్బు అని ఎందుకంటున్నానంటే, ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు ఆనవాలు కూడా ఉండదు. జకరయ్య తాళం తిప్పుతాడు. లోపల టక్‌మని ఒక్క చప్పుడు. ఇంజన్ను కదిలించే సెల్ఫ్ మోటారు తిరగదు. మళ్ళీ తిప్పితే మళ్ళీ టక్. లైట్లు వెలుగుతాయి, హారన్ ఊళ్ళో అందరికీ వినబడుతుంది, ఇంజను మాత్రం కదలదు. పావుగంట ఆగి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఒక వారం రోజులు అసలు ఇబ్బందే ఉండదు. ఇంక పోయిందిలే అనుకున్న రోజున, నడిరోడ్డు మీద, ఎండలో, మళ్ళీ టక్.

రేపల్లెలో ఉన్న మెకానిక్కులందరూ చేతులు పెట్టారు. బ్యాటరీ మార్చారు. సెల్ఫ్ మోటారు దించి కార్బన్లు మార్చారు. దాని స్విచ్ మార్చారు. మధ్యలో చోక్ కేబులు బిగుసుకుపోతే అదీ మార్చారు. నెల తిరక్కుండా అది మళ్ళీ బిగుసుకుపోయింది, మళ్ళీ మార్చారు. ప్రతి ఒక్కరూ "ఇంక ఢోకా లేదండి" అనేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిన మూడోరోజో నాలుగోరోజో టక్.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఆదివారం మా ఆయన తీస్తే మాత్రం ఆ కారు ఒక్కసారి కూడా మొరాయించలేదు. మా కాంపౌండరు చెంచురామయ్య ఈ సంగతి నాకన్నా ముందు పసిగట్టాడు. సారు గారు తిప్పితే తిరిగే సెల్ఫు జకరయ్య తిప్పితే ఎందుకు తిరగదని అడిగాడు. ఎండలో లంకలకు పోవాల్సినప్పుడే ఎందుకు తిరగదని కూడా అడిగాడు. "నిప్పు లేందే పొగ రాదండి" అన్నాడు. నేను అతన్ని కసిరి పంపించాను. కసిరినా ఆ మాట మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

మార్చి నెల మధ్యలో ఒక రోజు, పదకొండు గంటల వేళ, లంక నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. మొదటి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగిందన్నాడు. నేను సంచీ పట్టుకుని కారెక్కాను. జకరయ్య తాళం తిప్పాడు. టక్. ఆ వారమే ఆవరణలో ఇసక పోయించాను. నెడదామంటే ఆ ఇసకలో చక్రాలు కదల్లేదు. పదిహేను నిమిషాలు చూశాను. చివరికి ఎవరిదో జీపు అడిగి తెప్పించుకున్నాం. జీపు వచ్చేలోపు నేను కారు దిగి, వరండాలో చీటీలు పట్టుకుని కూర్చున్న జనం ముందు నిలబడి జకరయ్యను అనేశాను.

"చాలించు నీ నాటకం. ఎండలో లంక దాకా రావడం నీకిష్టం లేదు. అందుకే కారు కదలదు. ఈ నెలాఖరుతో నువ్వు ఇంకో చోటు చూసుకో."

జకరయ్య తాళం చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. "లేదండి," అన్నాడు. అంతే. వరండాలో ఎవరో ఫక్కున నవ్వారు. గేటు దగ్గర రిబ్కా, మొగుడికి అన్నం తెచ్చిన క్యారేజీతో ఆగిపోయి ఉంది. ఆమెను నేను చూశాను. చూసి కూడా జీపెక్కి వెళ్ళిపోయాను.

లంకలో తల్లీ బిడ్డా క్షేమం. అయినా నా కోపం దిగలేదు. కారు అమ్మేద్దామనుకున్నాను. అమ్మేముందు ఒక్కసారి తెనాలిలో దేవదానానికి చూపించమని అక్కడి డాక్టరు స్నేహితురాలు చెప్పింది. కాలవ గట్టు పక్కన చిన్న రేకుల షెడ్డు, కార్ల కరెంటు పని తప్ప ఇంకేం ముట్టుకోడు, కానీ పట్టాడంటే వదలడంది. నెలాఖరుకి మూడు రోజులుందనగా, ఆస్పత్రి ఒక పూట మూసేసి, నేనే కారులో వెనక కూర్చుని తెనాలి వెళ్ళాను. జకరయ్య నాటకం నా కళ్ళతో చూద్దామనే వెళ్ళానని ఒప్పుకోవాలి.

దేవదానం సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉన్నాడు. బానెట్ ఎత్తలేదు. జకరయ్యను బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, కారు ఆరోగ్యంగా ఉన్నప్పటి నుంచి చెప్పమన్నాడు. ఎప్పుడు చెడిందో కాదు, ఎప్పుడు బాగుందో చెప్పమన్నాడు. ఏ ఊళ్ళో ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎండా నీడా, కారులో ఎంతమంది, తాళం తిప్పింది ఎవరు. జకరయ్య నెమ్మదిగా ఒక్కొక్కటే చెబుతున్నాడు. నాకు అరగంటకే ఓపిక పోయింది.

"మీరు బానెట్ ఎత్తరా?" అన్నాను.

"ఎత్తి ఏం చేస్తానమ్మా. ఇప్పుడు బానే ఉంది కదా. బాగున్నదాన్ని నేనేం బాగుచేస్తాను? అది నా ముందర చెడాలి," అన్నాడు.

తరవాత జకరయ్యను ఇంకో ప్రశ్న అడిగాడు. ఈ మూడు నెలల్లో కరెంటుతో సంబంధం లేనివి ఇంకేమైనా మార్చారా అని. జకరయ్య ఆలోచించి, చోక్ కేబులు రెండుసార్లు మార్చామన్నాడు. దేవదానం టీ గ్లాసు కింద పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి ఆ మాట రాసుకున్నాడు.

ఆ రోజు మేం ముగ్గురం కారులో తిరిగాం. చేబ్రోలులో కాసేపు ఆపి తిప్పాం, స్టార్టయింది. పొన్నూరులో అరగంట ఎండలో పెట్టి తిప్పాం, స్టార్టయింది. పెళ్ళిచూపుల్లో గడుసు పిల్లలా అంత బుద్ధిగా ఉంది. బాపట్ల వెళ్ళేసరికి రెండు దాటింది. మా ఆయన గది ముందు ఆపి, కాఫీ తాగి బయటికొచ్చాం. జకరయ్య "ప్రభువా" అని తాళం తిప్పాడు. టక్.

దేవదానం మొహం వెలిగిపోయింది. బస్టాండులో చుట్టం దిగితే ఎదురెళ్ళినట్టు కారు దగ్గరికి వెళ్ళాడు. ఈలోగా మా ఆయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, "జరుగు జకరయ్యా, నేను చూస్తాను," అని సీట్లో కూర్చుని తిప్పారు. వెంటనే స్టార్టయింది.

నాకు కావలసింది దొరికింది. చూశారా అన్నాను దేవదానంతో. జకరయ్య తల వంచుకున్నాడు. ఆ వంచిన తల చూసి నాకు లోలోపల గెలిచినట్టనిపించింది. ఈ మాట రాయడానికి ఇవాళ సిగ్గుగా ఉంది.

దేవదానం నన్ను పట్టించుకోలేదు. ఇంజను ఆపించాడు. మా ఆయనను మళ్ళీ అచ్చం ఇందాక చేసినట్టే చెయ్యమన్నాడు. స్టార్టయింది. ఆపించి, జకరయ్యను తిప్పమన్నాడు. టక్. అతను కారు వంక కాదు, వాళ్ళిద్దరి చేతుల వంక చూస్తున్నాడు.

"అన్నా, నువ్వు చోక్ లాగలేదేం?"

"ఇంజను వేడిగా ఉందిగా. వేడి మీద లాగితే పెట్రోలు దండగ," అన్నాడు జకరయ్య.

"సారు గారు లాగారు."

"సారు గారు ఎప్పుడూ లాగుతారు," అన్నాడు జకరయ్య. అంతకు మించి మా ఆయన డ్రైవింగు మీద అతను ఎన్నడూ వ్యాఖ్యానించలేదు.

దేవదానం అతన్ని చోక్ లాగి తిప్పమన్నాడు. స్టార్టయింది. అప్పుడు దేవదానం లోపలికి వంగి ఆ బుడిపెను పట్టుకుని, నన్ను కూడా పట్టుకోమన్నాడు. జ్వరం ఉన్న చెయ్యిలా వెచ్చగా ఉంది.

అర్థమయ్యేలా ఇలా చెప్పాడు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు సెల్ఫ్‌ను తిప్పి మళ్ళీ బ్యాటరీకి చేరాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, దాన్ని బాడీకి కలుపుతూ ఒక రాగి పట్టీ ఉంటుంది. తిరుగుదారి అదే. పెద్ద కాలవ పూడిపోతే నీళ్ళన్నీ పక్కనున్న సన్నటి బోదెల్లోంచి పోదామని చూస్తాయి కదా. ఇక్కడ ఆ బోదె చోక్ కేబులు. అది లాగినప్పుడు బిగువుగా తగిలి కరెంటు పోతోంది. లోపలికి నొక్కి ఉంటే తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు. సన్నటి తీగ అంత కరెంటు మొయ్యలేక కాలుతోంది. అందుకే రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. లైట్లకూ హారన్‌కూ ఆ పట్టీతో పనిలేదు కాబట్టి అవి బానే ఉన్నాయి.

అంటే, ఇష్టం వచ్చినట్టు నడిపే మనిషికి కారు లొంగింది. జాగ్రత్తగా నడిపే మనిషిని పనిదొంగను చేసింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు నెలలు ఆ బుడిపె ముందే కూర్చుని తిరిగాం.

నేను ఎండకు తట్టుకోలేక లోపలికెళ్ళి కూర్చున్నాను. దేవదానం రెండు తీగలున్న చిన్న బల్బు తీసి ఇంజనుకీ బాడీకీ ఆనించి, జకరయ్యను తాళం తిప్పమన్నాడు. బల్బు వెలిగింది. వెలక్కూడని చోట వెలిగిందట, తరవాత చెప్పాడు. ఆ పైన ఇద్దరూ బానెట్ కింద వంగి చాలాసేపు ఏదో గీకారు. ఇరవైసార్లు ఆపి ఇరవైసార్లు స్టార్టు చేశారు, చోక్ ముట్టుకోకుండా. దేవదానం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"తుప్పమ్మా. పట్టీ బోల్టు దగ్గర. సముద్రపు గాలి కదా," అన్నాడు. జకరయ్య వంక చూడకుండా అన్నాడు. రైలు టైమైందని స్టేషనుకు వెళ్ళిపోయాడు.

తిరుగు దారిలో నేను వెనక సీట్లో కూర్చుని మాటలు వెతుక్కుంటున్నాను. చెరుకుపల్లి దాటాక, పనిలో ఉండిపొమ్మని చెప్పాను. రేపల్లె ఇంకో మైలుందనగా జకరయ్య కారు పక్కకు తీసి ఆపాడు. దిగి, వెనక తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, తుప్పు కాదండి. రంగు. తమ్ముడు దేవదానం నన్ను కాయడానికి అలా చెప్పాడు. క్రిస్మస్‌కి ఇంటికి రంగులేసుకున్నాక డబ్బాలో కొంచెం మిగిలింది. బానెట్ కింద తుప్పు పట్టిందని ఆ పట్టీ ఊడదీసి, కింద గీకి, రంగేసి, ఆరాక మళ్ళీ బిగించాను. ఇనుముకి ఇనుము తగలకుండా రంగు అడ్డం పడింది. నేను చేసిందేనండి. తెలియక చేశాను."

నాకు నవంబరు గుర్తొచ్చింది. ఎవరో చుట్టాలు వచ్చినప్పుడు జకరయ్య బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తుంటే, ఇంజను చుట్టూ తుప్పు చూసి, పాత ఇనుప సామాన్ల కొట్టులా పెట్టావు కారుని అని వాళ్ళ ముందే అరిచాను. డిసెంబరులో డబ్బా ఇస్తూ, పారెయ్యకు, తుప్పు పట్టిన చోటల్లా పూయి అన్నది కూడా నేనే. ఆ బోల్టు కింద ఉన్నది నా రంగు, నా అరుపు. అతను నా మాట జవదాటకపోవడమే అతని నేరం.

"ఆ రంగు నేనిచ్చిందే కదా జకరయ్యా," అన్నాను చివరికి.

"పని సంగతి మీ ఇష్టమండి. తీసేసినా నేనేం అనుకోను. ఆ మాట మాత్రం వరండాలో అన్నారు. అక్కడే తియ్యండమ్మా." పనిలో చేరాక అతను నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి, అదే చివరిసారి. వెళ్ళి కారెక్కి తాళం తిప్పాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర లేదు. డాక్టరు డ్రైవరుకి నలుగురిలో తప్పు ఒప్పుకోవడమేమిటని ఒక మనసు. నలుగురిలో అన్నప్పుడు లేని నామోషీ ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని ఇంకో మనసు. పొద్దున వరండాలోకి రెండుసార్లు వెళ్ళి, చీటీలు సర్దుతున్నట్టు నటించి వెనక్కొచ్చాను. నాటకం అంటే అది. మూడోసారి వెళ్ళి చెప్పేశాను.

"మొన్న ఇక్కడ నిలబడి జకరయ్య నాటకం ఆడుతున్నాడన్నాను. అది తప్పు. కారు నిజంగానే చెడింది. చెడింది నావల్ల."

వరండాలో ఇరవైమంది దాకా ఉన్నారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక ముసలాయన, ఇంజక్షను ఇప్పుడేస్తారా భోజనమయ్యాక వేస్తారా అని అడిగాడు. చెంచురామయ్య గోడ వైపు తిరిగి సీసాలు కడగడం మొదలుపెట్టాడు. జకరయ్య గేటు దగ్గర అద్దం తుడుస్తున్నాడు. విన్నాడని ఆ గుడ్డ ఆగడం చూసి తెలిసింది. నా గుండె మీద బరువు దిగిపోయిందనుకున్నాను.

సాయంత్రం రిబ్కా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. దణ్ణం పెట్టి, ఇవాళ మీరన్నది మా ఆయన చెప్పాడండి అంది. కొంగు చివర చేత్తో పట్టుకుని అసలు మాట చెప్పింది.

"ఇవాళ ఉన్నోళ్ళు వేరేవోళ్ళండి. ఆ రోజు ఉన్నోళ్ళు పదకొండుమంది, నేను కాక. అందులో మీ ఆస్పత్రి వాళ్ళు ముగ్గురే ఇవాళ విన్నారు. మిగతా ఎనిమిదిమందికీ మా ఆయన ఇంకా దొంగేనండి."

ఎలా లెక్కపెట్టావని అడిగాను.

"ఒక్కొక్క మొహమే చూశానండి. ఎవరు నమ్మారో, ఎవరు నమ్మలేదో అని," అంది.

నేను అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా డాక్టరీ చేస్తున్నాను. ఎక్కడ ఎంత నొప్పో నాకు తెలుసుననుకునేదాన్ని. ఆ పూట రిబ్కా ముందు నాకేమీ తెలియదని తేలింది.

మర్నాడు, నేను ఆ మాట అన్న నాటి చీటీల పుస్తకం తీశాం. రిబ్కా గుర్తులు చెప్పింది, పుస్తకంలో పేర్లు దొరికాయి. ఎనిమిదిమందిలో ముగ్గురు వారం పది రోజుల్లో మళ్ళీ మందుకి వచ్చారు. వాళ్ళకు చెప్పాను. పొన్నూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చిన నాగరత్నమ్మ గారికి చెప్పడానికి పొన్నూరు వెళ్ళాను. ఆమె నా వంక జాలిగా చూసి, మజ్జిగిచ్చి పంపింది. ఇంకొకాయన బాపట్లలో దొరికాడు. ఆ ప్రయాణాలన్నిటికీ కారు నడిపింది జకరయ్యే. ఎందుకు వెళ్తున్నామో తెలుసు. ఎక్కడా కారు దిగలేదు. నేను తిరిగొచ్చి కూర్చోగానే "ప్రభువా" అని తాళం తిప్పేవాడు. సెల్ఫ్ మొదటి తిప్పుకే అందుకునేది.

కొల్లిపర దగ్గర వీరయ్య అనే రైతు అయితే, నేను మొత్తం చెప్పాక తల గోక్కుని, ఆ మాట నాకసలు గుర్తే లేదమ్మా అన్నాడు. ఇప్పుడు చెప్పారుగా, ఇంక మర్చిపోనులెండి అని కూడా అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కారులో కూర్చుని, మనం లేనిపోనిది తవ్వుతున్నామేమో, మర్చిపోయినవాళ్ళకు గుర్తు చెయ్యడం ఎందుకు, ఆపేద్దామా అని జకరయ్యను అడిగాను.

"మర్చిపోయినోళ్ళు ఉంటారండి. మర్చిపోనోళ్ళూ ఉంటారు కదండి," అన్నాడు.

రెండేళ్ళలో ఏడుగురు దొరికారు. ఎనిమిదో మనిషి దొరకలేదు. పుస్తకంలో అంకమ్మ, ముప్పై ఏళ్ళు, కాలిలో ముల్లు, ఊరు లంక అని మాత్రమే ఉంది. లంకలు ఎన్ని ఉన్నాయో మా వైపు వాళ్ళకు తెలుసు. రెండు పక్కలా ముక్కుపుడకలు, ఆకుపచ్చ చీర అని రిబ్కా చెప్పింది. ఆ రోజు ఫక్కున నవ్వింది ఆమేనని కూడా చెప్పింది. లంకలకు పురుడు పొయ్యడానికి వెళ్ళిన ప్రతిసారీ అడిగాను. అంకమ్మలు చాలామంది కనబడ్డారు. ఒకామెకు రెండు ముక్కుపుడకలు కూడా ఉన్నాయి, కానీ రేపల్లె ఆస్పత్రి గడప తొక్కలేదంది. నన్ను చూడగానే అంకమ్మల డాక్టరమ్మ వచ్చిందని నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు. నా కోపం సగానికి సగం ఆ లంకల్లోనే కరిగిపోయింది.

1996లో జకరయ్యకు కంట్లో పొర వచ్చింది. ఆపరేషను చేయించాను, కానీ అతనే ఇంక నడపనన్నాడు. కారు కూడా అమ్మేశాను. కొన్నాయన వచ్చిన రోజు జకరయ్య బానెట్ ఎత్తి, రాగి పట్టీ బిగించిన చోటు చూపించాడు. చుట్టూ అంతా నీలం రంగు, అక్కడ మాత్రం రూపాయి బిళ్ళంత చోటు వెండిలా మెరుస్తోంది. ఎనిమిదేళ్ళు నెలనెలా గరుకు కాగితంతో రుద్దాడట. ఇక్కడ రంగెయ్యొద్దని కొన్నాయనకు చెప్పాడు. ఎందుకని ఆయన అడిగితే నేను చెప్పాను, మొదటి నుంచి చివరిదాకా. అప్పటికి ఆ కథ చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది.

పోయిన ఏడాది వానాకాలంలో జకరయ్య పోయాడు. నాలుగు రోజుల జ్వరం, నా చేతుల్లోనే. తెనాలి నుంచి దేవదానం వచ్చాడు. నెరిసిపోయినా చెవి మీద పెన్సిలు అలాగే ఉంది. సమాధి దగ్గర పాటలయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే నేను రిబ్కా పక్కన కూర్చున్నాను. నాకు ఓదార్పు మాటలు రావు. ఆమే నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"అంకమ్మ దొరికిందాండి?"

లేదన్నాను. ఆమె తలూపింది. మనిషే పోయాక ఇంకెందుకని నేను అనుకోవచ్చు. ఆమె అనుకోలేదు. అందుకే ఇది రాసి అచ్చుకిస్తున్నాను. లంకల్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా దీన్ని ఆ పేరుగల వాళ్ళందరికీ చదివి వినిపించమని నా మనవి.

అంకమ్మ గారూ, 1988 మార్చిలో మీరు కాలిలో ముల్లుతో రేపల్లె ఆస్పత్రికి వచ్చారు. వరండాలో ఒక డ్రైవరును నేను తిడుతుంటే మీకు నవ్వొచ్చింది. తప్పు మీది కాదు, నేను చెప్పింది మీరు నమ్మారు. ఆ రోజు జకరయ్య నాటకం ఆడలేదండి. ఈ మాట విన్నట్టు రిబ్కాకి ఒక్క కబురు పంపండి. పేటలో నీలం తలుపుల ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు.